తెలుగునాట వైద్యశాఖల పొత్తు

ఆయుర్వేదము, సిద్ధము, యునానీ, పాశ్చాత్యవైద్యము అను శాఖలు ఒకదాని గడప నొకటి త్రొక్కని వేఱువేఱు గృహములవలె నేడు మనకు గోచరించుచున్నవి. తెలుగుదేశచరిత్రను నెమ్మదిగా పరికించినవారికి మాత్రము, ఆ నడిమిగోడలు వైద్యులు కట్టినవి కావనియు, రోగి శయ్యచెంత వారు ఏ శాఖనుండి యైనను మేలైనదానిని నిస్సంకోచముగా గైకొనుచు వచ్చిరనియు తేటపడును.

రుద్రమదేవి యేలుబడిలో, క్రీ.శ. 1261లో వెలసిన మల్కాపుర శాసనము, కృష్ణాతీరమున మందడ ప్రాంతమందు గోళకీమఠాచార్యుడగు విశ్వేశ్వరశంభువు నడపిన ధర్మసంస్థను వర్ణించుచు, మఠసత్రములతోపాటు ఆరోగ్యశాలకును ప్రసూతిశాలకును భూమి రాబడిలో భాగము కల్పించినది. ప్రసవమునకు ప్రత్యేకశాల యుండవలెనను తలంపు ఆనాటి శైవాచార్యునకు కలుగుట మనము తల యెత్తి చెప్పుకొనదగిన విషయము.

తరువాతికాలమున ఆంధ్రవైద్యులకు నిత్యోపయోగమైన బసవరాజీయమును తెఱచినచో, మొదట చెప్పిన శాఖల పొత్తు స్పష్టమగును. చరక సుశ్రుత సంహితలలో గానరాని నాడీపరీక్షకు ఇందు ప్రధానస్థానము దక్కినది. మూలికల కషాయములకును లేహ్యములకును ప్రక్కనే, రససిద్ధుల సాధనలనుండి దిగివచ్చిన పాదరసయోగములు నిలిచియున్నవి. పాదరసమును గంధకమును కల్వమున వేసి నల్లని కజ్జలి యగువఱకు నూఱుట, లోహమును శోధించి పుటములు వెట్టి భస్మ మొనర్చుట, ఆ భస్మమును తేనెతోనో, నేతితోనో, అల్లపురసముతోనో, రోగికి తగిన అనుపానముతో నిచ్చుట, ఇవన్నియు ఒకనాడు రససిద్ధుల రహస్యములై యుండి, క్రమముగా పల్లెవైద్యుని నిత్యకృత్యము లైనవి. సంస్కృత శ్లోకముల నడుమ తెలుగును చేర్చిన ఆ గ్రంథకర్త, పండితునకే గాక సామాన్యవైద్యునకును విద్య యందవలెనని తలంచెననియే నా విశ్వాసము.

మహమ్మదు కులీ కుతుబ్‌షా 1595లో హైదరాబాదున కట్టించిన దారుల్‌షిఫా, విశాలమైన ముంగిటిచుట్టు రెండంతస్తుల గదులతో, యునానీ చికిత్సకును బోధనకును నిలయమైనది. ఈ వైద్యము ఇచ్చటికి కేవలము పరాయిదిగా రాలేదు. బాగ్దాదున మంత్రివంశమగు బర్మకీయుల ప్రోత్సాహమున సంస్కృత వైద్యగ్రంథములు అరబ్బీలోనికి పరివర్తితములైనవి. 850 ప్రాంతమున అలీ అల్‌తబరీ తన బృహద్గ్రంథమున భారతీయవైద్యమును సంగ్రహముగా పొందుపఱచెను. మన త్రిఫల ‘ఇత్రీఫల్’ అను పేర హకీముల ఔషధములలో చేరిపోయెను. రక్తము, కఫము, పీతపిత్తము, కృష్ణపిత్తము అను నాలుగు ధాతువులను లెక్కించు హకీమును, త్రిదోషములను లెక్కించు వైద్యుడును, రోగి మణికట్టుపై వ్రేళ్లుంచినప్పుడు, ఒకరి మాట ఒకరికి బొత్తిగా తెలియనివారు కారు.

1846లో నిజాము రాజ్యమున ఉర్దూ మాధ్యమముగా పాశ్చాత్యవైద్య పాఠశాల వెలసినది. ఇట్లు పాశ్చాత్యవైద్యమును దేశభాషలోనే ప్రవేశించినది; శాఖల నడుమ గోడలు లేచినది ప్రధానముగా చట్టముల వలన. 1914 నాటి మద్రాసు వైద్యుల రిజిస్ట్రేషను చట్టము పాశ్చాత్యవిద్యా పట్టముగల వారినే పట్టికలో చేర్చుకొని, తరతరములుగా జనులను కాచిన దేశీయవైద్యులను వెలుపల నిలిపినది. ఇది అన్యాయమని చెప్పుటకు నేను సంకోచింపను. ఆ కాలముననే, ప్లేగు చికిత్సలో పేరొందిన పండిత దీవి గోపాలాచార్యులు మద్రాసున ఆయుర్వేదమునకు నూతన గౌరవము కూర్చుచుండిరి. మద్రాసు వైద్యకళాశాలలో పట్టమంది, రోగనిర్ణయమున నవీనపద్ధతి నెఱిగిన ఆచంట లక్ష్మీపతిగారు, తమ పట్టము నడ్డము పెట్టుకొనక, ఆయనకడ శిష్యులై కూర్చుండిరి. ఆ వినయము వైద్యచరిత్రలో అరుదైనది.

1921లో మహమ్మదు ఉస్మాన్ అధ్యక్షతన దేశీయవైద్యమును గూర్చి మద్రాసు ప్రభుత్వము నియమించిన సంఘము, 1923లో తన నివేదికను సమర్పించినది. తత్ఫలితముగా నెలకొన్న దేశీయవైద్య పాఠశాలలో ఆయుర్వేద, సిద్ధ, యునానీ శాఖలు మూడును ఒక్క కప్పుక్రింద బోధింపబడినవి. వానితోపాటు శారీరశాస్త్రాది నవీనవిద్యలును పాఠ్యములైనవి.