తుంగభద్రా తీరమున గాలపు వినోదము

చేపలను పట్టుట రెండు విధములు. కుటుంబపోషణకై పట్టుట యొకటి; ఉల్లాసమునకై పట్టుట రెండవది. మొదటిదానికి వల, మావు, పుట్టి సాధనములు. రెండవదానికి ఒక వెదురు కర్ర, ఒక దారము, ఒక గాలము చాలును. వల వేయువాడు చేపల రాశిని కోరును. గాలము వేయువాడు ఒక్క చేపను కోరి, దానికై పూట యంతయు నీటి యొడ్డున మౌనముగా గూర్చుండును. ఈ రెండవ విధమగు వేడుక ఆంగ్లేయ దొరలు తెచ్చినదనియు, వారికి పూర్వము ఈ దేశమున గాలము పేదవాని కూటికే గాని వినోదమునకు గాదనియు పెక్కురు తలంతురు. ఈ తలంపు సరియైనది కాదు. ఆదవాని యని పూర్వులు పిలిచిన ఆదోనియు, ఎమ్మిగనూరును, మంత్రాలయమును గల ఈ సీమ నేలిన వంశములోని చక్రవర్తియే ఈ వినోదమును శాస్త్రముగా రచించియుండెను.

నదియు, మడుగులును

తుంగ, భద్ర యను రెండు నదులు పశ్చిమ కనుమలలో గంగమూల యనుచోట బుట్టి, శివమొగ్గకు సమీపమున కూడలి యొద్ద గలిసి తుంగభద్ర యగును. ఆ నది హంపి బండల నడుమ ప్రవహించి, మంత్రాలయమును దాటి, కర్నూలు నానుకొని పోయి, సంగమేశ్వరము నొద్ద కృష్ణలో గలియును. నది నిండుగా పారునది వానకాలమునందే. వేసవి ముదిరిన కొలది ఇసుక తేలి, బండల నడుమ మడుగులు మాత్రము మిగులును. పెద్దచేపలు ఆ మడుగులలో తలదాచుకొని తొలకరి వరదకై వేచియుండును. కొత్తనీరు వచ్చినంతనే వానిలో పెక్కు జాతులు ఏటికి ఎదురీది, అనువైన తావుల గ్రుడ్లు పెట్టును. కావున వేసవి మడుగు నదికి విత్తనపు గాదె వంటిది. విత్తనము తినివేసిన రైతునకు పంట లేనట్లే, మడుగును ఊడ్చివేసిన యూరికి మరుసటి యేడు చేప లేదు. ఈ చరిత్ర యంతయు ఈ యొక్క సత్యము చుట్టును తిరుగుచుండును.

చేపలన్నియు ఒక్క తీరున గాలమునకు దగులవు. రాగండి పిండిముద్దను మెల్లగా రుచిచూచును. వాలుగ పెద్దనోటితో చిన్నచేపలను మింగు వేటకత్తె. కొర్రమీను చెరువులోని నాచునడుమ దాగి, ఊపిరికై అప్పుడప్పుడు నీటిపైకి వచ్చును; కప్పపిల్ల నెరగా గట్టిన దానికి దాని మీద ఆశ పుట్టును. బెండు మునుగు తీరును బట్టియే క్రింద నున్నది జెల్లయో, రాగండియో చెప్పగలవారు ఏటి యొడ్డు గ్రామములలో నుందురు. ఈ తెలివియే గాలపు వినోదమునకు మూలధనము.

రాజుల వేడుకలు

కర్నూలు జిల్లాలోని జొన్నగిరికి చేరువ నున్న ఎర్రగుడి బండలపై అశోకుని శాసనములు కలవు. అవి క్రీస్తు పూర్వము 3వ శతాబ్దికి చెందినవి. పూర్వపు రాజులు వేట మున్నగు వేడుకలకై విహారయాత్రలు చేయుచుండిరనియు, తాను వానిని మాని ధర్మయాత్రలు మొదలిడితిననియు ఆ చక్రవర్తి యందు చెప్పుకొనెను. ఉత్తరదేశమునందలి అతని స్తంభశాసనములలో మరియొక కట్టడి కలదు. కొన్ని పర్వదినములందు చేపలను చంపరాదు, అమ్మరాదు. రాజు వేడుకకైనను హద్దు కలదను భావము అంత పురాతనమైనది.

ఇది జరిగిన పదునాలుగు వందల యేండ్లకు ఈ సీమ కల్యాణి చాళుక్యుల రాజ్యములో సిందవాడి యను నాడుగా నుండెను. వారి రాజధాని కల్యాణి నేడు కర్ణాటకమునందలి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. ఆ వంశమున సుప్రసిద్ధుడగు ఆరవ విక్రమాదిత్యుని కుమారుడు మూడవ సోమేశ్వరుడు. భూలోకమల్లుడని ఇతనికి బిరుదు. ఇతడు 1126 ప్రాంతమున సింహాసనమెక్కి, 1138 వరకు రాజ్యమేలెను. కత్తికంటె ఘంటమునందు మక్కువ గలవాడగుటచే సర్వజ్ఞ చక్రవర్తి యని పేరొందెను.

సోమేశ్వరుడు 1129 ప్రాంతమున సంస్కృతమున రచించిన గ్రంథము ‘మానసోల్లాసము’. ‘అభిలషితార్థ చింతామణి’ యనునది దీనికే మరియొక పేరు. ఇందు ఇరువదేసి అధ్యాయములు గల అయిదు వింశతులు, అనగా మొత్తము నూరు అధ్యాయములు కలవు. రాజ్యతంత్రము, వైద్యము, పాకశాస్త్రము, సంగీతము, గజశిక్ష మొదలగు విషయములన్నియు అందు జేరినవి. నాలుగవది వినోద వింశతి. అందలి యొక వినోదము మత్స్యవినోదము, అనగా గాలముతో చేపలను పట్టు వేడుక.

మత్స్యవినోదము

రాజు వ్రాసిన వినోదము గదా, స్తుతులతో, అలంకారములతో నిండియుండునని తలచువారు ఈ అధ్యాయము చూచి ఆశ్చర్యపడుదురు. ఇది పనివాడు పనివానికి చెప్పు పాఠమువలె నుండును. సముద్రపు చేపలెవ్వి, నదీజలముల చేపలెవ్వి, పొలుసు గలవెవ్వి, లేనివెవ్వి, పెద్దవెవ్వి, చిన్నవెవ్వి యని మొదట విభాగము చేయబడినది. ఉప్పునీటి చేపలు, మంచినీటి చేపలు కలిసి సుమారు 35 రకములు పేరుపేరున చెప్పబడినవి. వానిలో రోహితము, పాఠీనము నేటి పాఠకులకు రాగండి, వాలుగ పేర్లతో సుపరిచితములే. పిమ్మట ఏ చేప కేది యిష్టమైన మేత, త్రాటిని ఏ నారతో పేనవలెను, కర్ర యెట్లుండవలెను, గాల మెట్టిది కావలెను, ఎర నెట్లు గ్రుచ్చవలెను అను సంగతులు వరుసగా వచ్చును.

అన్నిటికంటె విశేషమైనది మేత పద్ధతి. గాలము వేయుటకు ముందు కొన్ని దినములు ఒకే తావున చేపలకు ఆహారము వేయవలెను. పిండితో, మాంసముతో చేసిన ముద్దలు చేపజాతిని బట్టి వేరువేరుగా నుండవలెను. చేపలు ఆ తావునకు అలవాటుపడి, పుష్టిగా పెరిగి, భయము మానిన తరువాతనే గాలము నీట దిగవలెను.

నమ్మించి పట్టుట న్యాయమా యని ఇచట నొకరు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. అయినను పరిశీలింపవలసినది మరియొకటి కలదు. చేపను పట్టదలచిన రాజు ముందుగా చేపను పోషింపవలసి వచ్చెను. అది తిను మేత, తిరుగు లోతు, భయపడు చప్పుడు తెలియనివానికి ఈ వినోదము దక్కదు. సోమేశ్వరుని శాస్త్రమున గాలము చివరి మాట. తెలిసికొనుట మొదటి మాట.

ఆంగ్ల భాషలో గాలపు వేటను గూర్చి వెలువడిన తొలి అచ్చు గ్రంథము 1496 నాటిది. ఐజాక్ వాల్టన్ రచించిన జగద్విఖ్యాతమగు ‘కంప్లీట్ ఆంగ్లర్’ 1653లో వెలువడెను. అనగా దక్కను చక్రవర్తి వ్రాసిన మత్స్యవినోదము మొదటిదానికంటె మూడున్నర శతాబ్దులు, రెండవదానికంటె అయిదు శతాబ్దులు పెద్దది.

ఇట్టి గ్రంథము వ్రాతప్రతులలో మరుగుపడి యుండ, బరోడా గాయక్వాడ ప్రాచ్య గ్రంథమాలయందు 1925లో తొలి సంపుటము, 1939లో రెండవ సంపుటము అచ్చయ్యెను. మత్స్యశాస్త్రజ్ఞుడగు సుందరలాల్ హోరా 1951లో ఆసియాటిక్ సొసైటీ పత్రికయందు మత్స్యవినోదమును వివరించెను. 2005లో హైదరాబాదు సంస్కృత విదుషి నళినీ సాధలే, వ్యవసాయ శాస్త్రజ్ఞుడు వై.ఎల్. నెనె కలిసి ఆ భాగమును మరల పరిశీలించి ప్రకటించిరి. గ్రంథాలయమున పుస్తకము నిలిచియుండిన, ఎనిమిది వందల యేండ్ల మరపు కూడ తొలగునని ఇందువలన తెలియును.

పుట్టి మీద ప్రజలు, ఒడ్డున దొరలు

రాజుల సంగతి యట్లుండ, నదీతీర ప్రజల నిత్యసాధనము పుట్టి. 16వ శతాబ్ది తొలిపాదమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్రను దాటించు ఈ పడవలు బుట్టలవలె గుండ్రముగ నుండుననియు, లోపల వెదురుపేముల అల్లిక, వెలుపల తోలు కప్పు కలవనియు వ్రాసెను. బెస్తలకు పుట్టి బ్రతుకు. గాలమువానికి మడుగు మధ్యకు చేర్చు ఆసనము.

దొరల కాలమున ఈ వినోదమునకు తిరిగి పుస్తకము పుట్టెను. చెన్నపురి సివిలు సర్వీసులోని హెన్రీ సల్లివన్ థామస్ 1873లో మంగుళూరున ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అను గ్రంథమును ప్రకటించెను. 1887లో చెరువులలో గాలము వేయు పద్ధతులను గూర్చి మరియొకటి వెలువరించెను. దక్షిణదేశపు నదులలోని మహసీరు చేప, తన పరిమాణమునకు ఇంగ్లండు సాల్మను చేపకంటె గట్టిగా పెనుగులాడునని యతని అభిప్రాయము. అతని తొలి గ్రంథము వేట చిట్కాలతో నాగక, చేపల ప్రకృతిని, పెంపకమును, విలువను గూడ చర్చించెను. మైసూరు సీమలోని కబినీ నదిలో 1946 మార్చిలో వాన్ ఇంగెన్ అనునతడు గాలమున బట్టిన మహసీరు 120 పౌనులు, అనగా దాదాపు 54 కిలోలు తూగెను.

తూటా దెబ్బ

రాతిగనుల పనులతో, రోడ్డు పనులతో మందుగుండు గ్రామములకు వచ్చెను. తూటాను మడుగులో విసరినచో క్షణమున చేపలన్నియు వెల్లికిలబడును. పెద్దవానితో బాటు పిల్లలు, గ్రుడ్లతో నున్న తల్లులు సమసిపోవును. చచ్చినవానిలో కొన్ని అడుగునకు మునిగి ఎవరికిని దక్కవు. దీనిని, నీట విషము కలుపుటను నేరములుగా నిర్ణయించి 1897లో భారత మత్స్యశాసనము వచ్చెను. శాసనము వచ్చిన మాత్రమున దురాచారము పోలేదు. గాలమువాడు ఒక్క చేపకై పూటయంతయు వేచిన మడుగును, తూటా పట్టినవాడు గడియలో నిర్జీవము చేయును. నష్టపోవువాడు వినోదించువాడు మాత్రమే కాడు. వలపై బ్రతుకు బెస్త అంతకంటె ఎక్కువ నష్టపోవును.

ఆనకట్ట వచ్చిన పిదప

హోసపేట యొద్ద తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగి, 1953లో నీరు నిలిచెను. దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు పొలములకు నీరు తెచ్చెను. కరవుసీమకు అది ప్రాణదానము. కాని ఎదురీదు చేపలకు ఆ గోడ అడ్డమయ్యెను. దిగువ నది వేసవిలో మరింత సన్నగిల్లెను. 1957లో హీరాలాల్ చౌధురి సూదిమందుతో చేపలచే గ్రుడ్లు పెట్టించు పద్ధతిని సాధించిన పిదప, బొచ్చె, రాగండి, ఎర్రమోసు పిల్లలు విరివిగా లభ్యమై చెరువులలో, జలాశయములలో విడువబడుచున్నవి. చెరువు గాలమునకు లోటు లేదు. లోటు వచ్చినది ఏటి చేపకు.

ఈ సీమవారికి సముద్రము దూరమైనను, ఉప్పునీటి గాలమువారి పాఠమును ఇదియే. కోస్తా మొగలలో పండుగప్పకై గాలము వేయువారు ఆటుపోట్ల వేళలెరిగి మసలుదురు. తూర్పుతీరమున ప్రతి యేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు యాంత్రిక నావలు వేటకు పోరాదను కట్టడి 2015 నుండి అమలగుచున్నది. చేప పిల్లలు పెట్టు కాలమున విడుపు నిచ్చుటయే దాని భావము.

తుంగ యెగువన శృంగేరి రేవున మరియొక దృశ్యము గానవచ్చును. యాత్రికులు వేయు మరమరాలకై పెద్దచేపలు మెట్లయొద్దకే గుంపులుగా వచ్చును. వానిని పట్టువారు లేరు. సోమేశ్వరుని మేత పద్ధతియే యచట గాలము లేకుండ సాగుచున్నది. కావేరీ తీరమున 1972లో బెంగుళూరున వెలసిన దక్షిణభారత వన్యప్రాణి సంఘమువారు, పట్టిన మహసీరును తూచి తిరిగి నీట విడుచు ఆచారమును వ్యాపింపజేసిరి. ఈ రెంటి నడుమ గాలపు వినోదమునకు గౌరవప్రదమగు దారి కలదు.

ఆ దారి ఈ తీరగ్రామముల యువకులకు కష్టమైనది కాదు. స్నానపు రేవులను విడిచి కూర్చుండుట, వేసవి మడుగులను, తొలకరి యెదురీత చేపలను ముట్టకుండుట, గ్రుడ్లతో నున్నదానిని, పిల్లను తిరిగి నీట విడుచుట, తూటా చప్పుడు వినబడినచో ఊరివారితో కలిసి అడ్డుపడుట. నీటి యొడ్డున ప్రతిదినము కూర్చుండువానికి తెలిసినట్లు నది క్షీణత మరెవ్వరికిని ముందుగా తెలియదు. రాజు వ్రాసిన శాస్త్రమును చదివిన గాలమువాడు నదికి కాపరి కాగలడు. మడుగులో చేప యున్నంతవరకే బెస్త వలకు పని, బాలుని గాలమునకు వేడుక.