వారపు సెలవు, ప్రార్థనవేళ

బుద్వేలుకు దక్షిణముగా నున్న శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చి 23 నుండి నడచుచున్నది. అచ్చట రాత్రింబవళ్లు విమానములు దిగుచుండును; పండుగయని యెవరును తలుపులు మూయరు. అట్టి చోట పాళీలలో పనిచేయువానికి నమాజువేళ గాని, ఆదివారపు ప్రార్థన గాని, ఏకాదశి పూజ గాని యెట్లు కుదురవలెను? ఈ చిక్కు క్రొత్తదివలె కన్పట్టును గాని మన నగరమునకు పాతదే.

నిజాము ప్రభుత్వపు కచేరీలకు వారపు సెలవు శుక్రవారము. ఆ కాలముననే ఆంగ్లేయుల యేలుబడిలోని బెజవాడ, గుంటూరులలో ఆదివారము సెలవు. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున చేరిన పిదప ఇచ్చటను ఆదివారమే సెలవుదినమైనది. అంతవరకు ఆదివారము చర్చికి పోవుటకు పై అధికారిని అడుగవలసిన క్రైస్తవ గుమాస్తా నిశ్చింతుడయ్యెను. ఆ అడుగుట జుమా నమాజుకు పోవు మహమ్మదీయ గుమాస్తా వంతుకు వచ్చెను. హిందూ గుమాస్తాకు ఏకాదశి యే వారమున వచ్చునో పంచాంగమే చెప్పవలెను గనుక, అతనికి రెండును ఒక్కటే!

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921 నాటి ఒడంబడికలో, వారపు విశ్రాంతి సాధ్యమైనంతవరకు ఆ దేశపు లేక ప్రాంతపు ఆచారసిద్ధమైన దినముననే ఉండవలెనని చెప్పినది. అధిక సంఖ్యాకుల ఆచారమునకు ఇది చాలును. తక్కినవారి మాటయో?

అమెరికాలో ఒక విమాన సంస్థ ఉద్యోగి, తన మతమునందు శనివారము విశ్రాంతిదినమగుటచే ఆ దినమున పనికి రాక ఉద్యోగము పోగొట్టుకొనెను. సంస్థ స్వల్పమును మించిన ఖర్చు భరింప నక్కరలేదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పినది. 2023లో ఒక తపాలా ఉద్యోగి వ్యాజ్యమున ఆ కోర్టే, యజమాని గణనీయమైన భారమును చూపవలెనని ఆ తీర్పునకు క్రొత్త అర్థము చెప్పినది. కెనడా సర్వోన్నత న్యాయస్థానము 1985లోనే మరింత ముందుకు పోయినది. యజమాని యుద్దేశము మంచిదే యైనను, నియమము వలన ఒక మతస్థునికే నష్టము కలిగినచో అది వివక్షయే యని దాని నిర్ణయము. నాకిది న్యాయముగా తోచును. అయినను ఆ శనివారపు పని మరొకరు చేయవలసినదే. ఆ మరొకరికిని ఇల్లు, పిల్లలు ఉందురు.

మన రాజ్యాంగపు 25వ అధికరణము మతాచరణ స్వేచ్ఛ నిచ్చినది. తెలంగాణ ప్రభుత్వోద్యోగులు ఏటా ఐదు ఐచ్ఛిక సెలవులు కోరుకొనవచ్చును. 2025 రంజాను మాసమున, మార్చి 2 మొదలు 31 వరకు, కాంట్రాక్టువారితో సహా ముస్లిం ఉద్యోగులు సాయంత్రము 4 గంటలకే ఇంటికి పోవుటకు ప్రభుత్వము అనుమతించినది. అత్యవసరమైన పనులకు మాత్రము మినహాయింపు. ప్రైవేటు సంస్థల పాళీలకు ఈ యుత్తరువు వర్తింపలేదు. అచ్చట పాళీపట్టిక వ్రాయు సూపర్వైజరును అడుగవలసినదే.