ఎలుక కోలుకుంది, మరి మనిషి?

పక్షవాతం వచ్చిన చేతికి పావురం రక్తం పూస్తే తిరిగి స్వాధీనంలోకి వస్తుందని నమ్మేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పూసిన రెండు మూడు నెలలకు చెయ్యి కాస్త లేచిందంటే అది అబద్ధం కాకపోవచ్చు. మెదడుకు దెబ్బ తగిలాక చాలామంది ఏ మందూ లేకుండానే కొంత కోలుకుంటారు. పేరు మాత్రం పావురానికి వస్తుంది. మూలకణాల వైద్యానికీ ఇదే చిక్కు ఎదురైంది. కాకపోతే అక్కడ చిక్కు విప్పుకునే పద్ధతి ఒకటుంది.

అసలు ఎలుకకు పక్షవాతం ఎలా తెప్పిస్తారు? 1989లో లోంగా బృందం ఒక పద్ధతి ప్రచురించింది. పుర్రె తెరవకుండా, మెడలోని ధమని గుండా సన్నటి నైలాన్ దారం పైకి తోసి మెదడుకు వెళ్లే రక్తాన్ని ఆపుతారు. కాసేపయ్యాక దారం లాగేస్తారు. ఇలాంటి పనికి బాగా వాడే విస్టార్ జాతి ఎలుకలను మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా దశాబ్దాల పాటు పెంచింది.

2001లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో జీలీ చెన్, మైఖేల్ చాప్ బృందం ఇలా జబ్బుపడిన ఎలుకలకు ఎముక మజ్జ నుంచి తీసిన కణాలను ముప్పై లక్షల దాకా తోక నరంలోకి ఎక్కించింది. పాదానికి చిన్న అంటుకాగితం అతికిస్తే ఎలుక ఎంతసేపట్లో పీకేసుకుంటుందన్నది ఒక పరీక్ష. కణాలు అందిన ఎలుకలు అందనివాటికంటే మెరుగ్గా చేశాయి. అయితే ఆ కణాల్లో నాడీకణాల గుర్తులు చూపినవి కొన్నే. చచ్చిన మెదడు స్థానంలో కొత్త మెదడు మొలిచిందని కాదు, కణాలు విడుదల చేసే పదార్థాలు మిగిలిన మెదడుకు సాయపడుతున్నాయని తర్వాత ఆ శాస్త్రజ్ఞులే వివరించారు. ప్రకటనల్లో ఈ సంగతి కనబడదు లెండి!

ఇక్కడొక హెచ్చరిక అవసరం. పక్షవాతానికి ప్రయోగశాలల్లో పరీక్షించిన చికిత్సలు 1,026 ఉన్నాయని 2006లో ఒక బృందం లెక్క తేల్చింది. వాటిలో మనుషుల దాకా వచ్చినవి 114. ఎలుకల్లో ఎంతో ఆశ పుట్టించిన ఎన్.ఎక్స్.వై.-059 అనే మందు, మూడువేలమందికి పైగా రోగులున్న పరీక్షలో 2007లో విఫలమైంది. పాత జంతు ప్రయోగాలను తిరగేస్తే, ఏ ఎలుకకు మందివ్వాలో చీటీ తీసి నిర్ణయించిన చోట ఫలితం తక్కువగా, అలా చెయ్యని చోట ఎక్కువగా కనబడింది. మోసం చెయ్యాలని ఎవరూ అనుకోనక్కర్లేదు, ఆశ ఉంటే చాలు.

మన దేశంలో ఆ చీటీ తీసినవారు ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన కామేశ్వర ప్రసాద్ గారి బృందం. ఐదు ఆసుపత్రుల్లో 120 మంది రోగులు. సగంమందికి వాళ్ల ఎముక మజ్జలోని కణాలనే తీసి సగటున 28 కోట్లు ఎక్కించారు. మిగతావారికి మామూలు వైద్యమే. ఎవరికి ఏది అందిందో కొలిచేవాళ్లకు చెప్పలేదు. ఆరు నెలల తర్వాత, రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడానికి వందకు వేసే మార్కులు కణాలు అందినవారికి 63.1, అందనివారికి 63.6! 2014లో ఈ ఫలితాన్ని దాచకుండా ప్రచురించారు. హాని కనబడలేదు, మేలూ కనబడలేదు.

అనుమతి పొందిన పరీక్షల్లో తప్ప ఇలాంటి రోగులకు మూలకణాలు ఎక్కించడం అనైతికమని 2013లోనే భారత వైద్య పరిశోధనా మండలి మార్గదర్శకాలు చెప్పాయి. అయినా పొలం అమ్మి ఎక్కించుకుందామా అని అడిగే కుటుంబాలు నాకు తారసపడుతూనే ఉన్నాయి. వాళ్లను నేను అడిగేది రెండే. ఆ పరీక్ష ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదైందా? పరీక్ష అయితే మీ దగ్గర డబ్బెందుకు తీసుకుంటున్నారు?