ఏప్రిలు 18

తేదీలకు స్వతస్సిద్ధమైన మహిమ లేదు. ఏప్రిలు 17వ తేదీన ఉదయించిన సూర్యుడే 18వ తేదీనను ఉదయించును. అయినను ఒక దినమున వేఱువేఱు సంవత్సరములలో జరిగిన కార్యములను ప్రక్కప్రక్కన నిలిపి చూచినప్పుడు, మనుష్యులు దేనికొఱకు ప్రాణములిచ్చిరో, దేనికొఱకు నోరు తెఱచి అడిగిరో కొంత తెలియవచ్చును. ఇట్టి పట్టికలను పత్రికలు ప్రతిదినమును ప్రకటించుచున్నవి. వానిని చదివి మఱచుటయే మనకు అలవాటు. ఒక్క తేదీనైనను చదివి విచారింతమని మేము ఏప్రిలు 18ని గైకొంటిమి.

1858లో ఈ దినమున ధోండో కేశవ కర్వే జన్మించెను. భార్య గతించిన పిమ్మట ఆయన 1893లో ఒక వితంతువును వివాహమాడి, బంధువుల బహిష్కారమును సహించి, 1916లో స్త్రీలకై విశ్వవిద్యాలయమును స్థాపించెను. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించినది 1881లోనే గనుక, ఈ మహనీయుడు తెలుగువారికి పరాయివాడు కాడు. 1859లో ఇదే దినమున తాంతియాతోపేను శివపురిలో ఉరితీసిరి. 1930లో సూర్యసేను నాయకత్వమున వంగయువకులు చిట్టగాంగు ఆయుధాగారముపై దాడి చేసిరి. 1955లో అమెరికాయందు ఐన్‌స్టీను కన్నుమూసెను; ఆ దినముననే బాండుంగులో ఆసియా ఆఫ్రికా ఖండముల 29 రాజ్యముల ప్రతినిధులు సమావేశమైరి.

ఇవి యెల్ల దూరదేశముల మాటలు. మన యింటి ముంగిటి మాట మఱియొకటి కలదు. హైదరాబాదునుండి విజయవాడకు పోవు పెద్దబాట దిల్‌సుఖ్‌నగరు, ఎల్బీనగరు, వనస్థలిపురముల మీదుగా హయత్‌నగరు దాటి తూర్పునకు సాగును. వనస్థలిపురమువారు చీరలు కొనుటకై ఈ బాటను పట్టి పోచంపల్లికి పోయి వచ్చుచుందురు. ఆ యూరి పేరునకు ముందు 'భూదాన' అను మాట చేరుటకు కారణమైన దినము 1951 ఏప్రిలు 18.

అప్పటికి తెలంగాణములో భూమికై ఐదేండ్లుగా రక్తము ప్రవహించుచుండెను. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలియైన పిమ్మట రైతులు సాయుధులైరి. 1948లో నిజాము ప్రభుత్వము కూలినను పోరాటము చల్లారలేదు. పగలు పోలీసులకును రాత్రి దళములకును వెఱచుచు పల్లెలు బ్రతుకుచుండెను. ఇట్టి సమయమున వినోబాభావే కాలినడకను వచ్చి, శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనమునకు హాజరై, ఏప్రిలు 15వ తేదీన నల్లగొండ జిల్లా పల్లెలను చూడ బయలుదేఱెను. మూడవనాటికి పోచంపల్లి చేరెను.

అచ్చటి దళితవాడలో, నాటి వాడుకలో హరిజనవాడలో, సుమారు 40 కుటుంబములు ఉండెను. మీకేమి కావలెనని వినోబా అడిగెను. వారు అన్నము అడుగలేదు, గుడ్డలు అడుగలేదు, 80 ఎకరముల భూమి అడిగిరి. సగము తరి, సగము మెట్ట. ప్రభుత్వమునకు వ్రాసి చూతమని ఆయన చెప్పి, ఈ యూరివారిలో నెవరైన ఈయగలరా యని సభను ప్రశ్నించెను. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇచ్చెదనని ప్రకటించెను. భూదానోద్యమమునకు ఇదియే నాంది.

ఇంతవరకు ప్రతి పట్టికలోను కలదు. మాకు తోచిన దొక్కటి. దాత పేరు నిలిచినది. సాధువు పేరు నిలిచినది. అడిగినవారి పేర్లు మాత్రము ఏ పట్టికకును ఎక్కలేదు. కాని ఆ దినమున మొదట జరిగినది దానము కాదు, అడుగుట. తరతరములుగా పరుల పొలములలో వంగి పనిచేసినవారు లెక్కకట్టి, ఇంటికి రెండెకరముల చొప్పున, అంతకు మించక అడిగిరి. ఆ మాట వెలువడకున్నచో ఇచ్చువాడు లేచుటకు సందర్భమే లేదు. దాత ఔదార్యమును మేము తగ్గించి చెప్పుట లేదు. భూమికై ప్రాణములు తీయుచున్న కాలమున అడిగినదానికంటె అధికముగా ఇచ్చుట సామాన్యమైన పని కాదు. అయినను ఔదార్యమును పొగడుచు హక్కును మఱచినచో చరిత్ర సగమే వ్రాసినట్లగును.

ఈ మఱపునకు ఫలమేమో తరువాతి చరిత్రము చెప్పుచున్నది. వినోబా 13 ఏండ్లు దేశమెల్ల నడచెను. 5 కోట్ల ఎకరములు సేకరింపవలెనని సంకల్పించెను. 40 లక్షలకు పైగా ఎకరములు వాగ్దానముగా వచ్చెను. కాని అందు కొంత రాతినేల, కొంత గుట్ట, కొంత వ్యాజ్యములలో చిక్కినది. ఇచ్చితినని సభలో చెప్పినవారు కొందఱు పత్రము వ్రాయలేదు. పంచిన భూమియు అందఱి స్వాధీనములో నిలువలేదు. 1965లో మన రాష్ట్రమున భూదాన గ్రామదాన చట్టము చేసిరి. అయినను నగరము పెరిగి భూమికి వెల పెరుగగా, భూదాన భూములు పేదల చేతులు దాటిపోయినవని తగవులు న్యాయస్థానములకు ఎక్కినవి. ఇచ్చినవానిని స్మరించుటకు సభలు కలవు. పొందినవాని పొలము గట్టు చెదరకుండ కాచుటకు ఎవరున్నారు?

వనస్థలిపురములో నేడు భూమిని గజములలో కొలుతురు. ఎకరమునకు 4,840 గజములు. పోచంపల్లిలో ఒక్కొక్క కుటుంబము అడిగిన రెండెకరములు 9,680 గజములు. మన యిండ్ల స్థలములతో పోల్చి చూచినచో ఇది పెద్ద అంకెవలె తోచును. కాని ఆ కుటుంబములకు అది విక్రయించు సరకు కాదు. ఏడాది పొడుగున గంజి, పిల్లవానికి బడి, ఒకరి గడప ముందు చేతులు కట్టుకొని నిలువకుండుట.

కావున వచ్చు ఏప్రిలు 18న పట్టికలు వ్రాయువారికి మాదొక మనవి. కర్వేను స్మరింపుడు, సూర్యసేనును స్మరింపుడు, వినోబాను, రామచంద్రారెడ్డిగారిని స్మరింపుడు. వారితోపాటు ఇంకొక పంక్తి చేర్పుడు: 1951లో ఈ దినమున పోచంపల్లిలో 40 కుటుంబములవారు 80 ఎకరములు అడిగిరి.