చిల్లు కాణీ లోలకం



మహారాష్ట్రలోని భివండీలో పాత సామాను కొనే కొట్టును భంగార్ దుకాణం అంటారు. మన బంగారానికీ, మరాఠీవారి భంగార్‌కూ ఒక్క ఒత్తే తేడా! కనేరి, పద్మానగర్ వంటి పేటల్లో తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి సాంచెలు నడిపిన మన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. అరిగిన కండె, ఇనుప మొన ఉన్న నాడె, తాళం పోగా మిగిలిన ఇత్తడి తాళపుచెవి... ఇలాంటివి చివరకు చేరేది ఆ కొట్టుకే. ఇంద్రజాలికుని చేతికి చిక్కితే మాత్రం ఇవే లోలకాలవుతాయి.

లోలకం చేయడం కష్టమేమీ కాదు. 1943 నుంచి 1947 వరకు ముద్రించిన చిల్లు కాణీ అయితే రంధ్రం కూడా చేయనక్కరలేదు. దారం విషయంలోనే నేతపనివారి తెలివి కావాలి. ఒంటి పోగు వాడితే పురి విడిపోయి, బరువు తన చుట్టూ తానే తిరుగుతుంది. రెండు పోగులు కలిపి ఎదురు పురి పెట్టాలి. దారం పాతిక సెంటీమీటర్లుంటే, ఒకసారి ఊగి రావడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. కాణీ కట్టినా, తాళపుచెవి కట్టినా ఆ లెక్క పెద్దగా మారదు. మరి పాత వస్తువే ఎందుకంటారా? అమ్మమ్మ తాళపుచెవికి ఉన్న మహిమ కొత్త ప్లాస్టిక్ బిళ్లకు ఎక్కడిది? చూసేవారి నమ్మకంలో సగం అక్కడే ఉంది.

ప్రదర్శనలో ఇంద్రజాలికుడు లోలకాన్ని తాను పట్టుకోడు, చూడవచ్చిన వారికే ఇస్తాడు. "అవును అయితే ముందుకూ వెనక్కూ, కాదు అయితే గుండ్రంగా" అని చెబుతాడు. చేయి కదపలేదని వారు ప్రమాణం చేస్తారు. లోలకం మాత్రం జవాబు చెబుతుంది.

ఈ ఆట ఒకప్పుడు ప్రాణాలు తీసింది. క్రీస్తుశకం 371 ప్రాంతంలో, నేడు తుర్కియేలో ఉన్న అంతియోకు నగరంలో కొందరు, అంచున అక్షరాలు చెక్కిన పళ్లెం మీద దారానికి ఉంగరం వేలాడదీసి, రాబోయే రోమన్ చక్రవర్తి ఎవరని అడిగారు. ఉంగరం గ్రీకు అక్షరాల్లో "థియో" దాకా చూపి, తర్వాతి అక్షరానికి చేరగానే, ఒకరు "థియోడోరస్!" అని కేక వేశారట. సంగతి వాలెన్స్ చక్రవర్తి చెవిన పడింది. థియోడోరస్‌తో పాటు ఎందరో మరణదండన పాలయ్యారు. ఆ కాలపు చరిత్రకారుడు అమ్మియానస్ ఇది రాసిపెట్టాడు.

గుట్టు విప్పిన మనిషి మన నేతవృత్తికి దగ్గరివాడే. పేరు మిషెల్ షెవ్రల్, ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. పారిస్‌లో గొబెలిన్ నేతశాల అద్దకం విభాగానికి అధిపతి. 102 ఏళ్లు బతికి 1889లో కన్నుమూశాడు. నల్లరంగు పట్టడం లేదని నేతశాలలో ఫిర్యాదు వస్తే, పరీక్షించి, తప్పు రంగుది కాదు, పక్కనున్న నీలం, ఊదా పోగులు కంటిని మోసం చేస్తున్నాయని తేల్చాడు. లోలకం దగ్గరా ఇంచుమించు అదే తీరు. జనపదారానికి ఇనుప ఉంగరం కట్టి, పాదరసం మీద పట్టుకుంటే ఊగింది. చేతి కింద చెక్క ఆనుకొని, ఆ ఆసరాను వేళ్ల వైపు జరుపుతూ వచ్చాడు. ఊపు తగ్గుతూ వచ్చి, వేళ్లకే ఆసరా దొరికినప్పుడు ఆగిపోయింది. కళ్లకు గంతలు కట్టుకున్నా అంతే. కదిలేది తన చెయ్యే, తనకు తెలియకుండా! ఈ సంగతిని 1833లో ఆంపియర్‌కు రాసిన లేఖగా అచ్చువేశాడు. మనం కరెంటును కొలిచే ఆంపియర్ ఆయన పేరే. మనసులోని ఊహే కండరాన్ని కదిలించే ఈ పనికి 1852లో ఇంగ్లండు వైద్యుడు కార్పెంటర్ "ఐడియో మోటార్" అని పేరు పెట్టాడు.

రంగస్థలం మీద ఇది ముచ్చటైన వినోదం. కడుపుతో ఉన్న కోడలి మీద దారానికి ఉంగరం కట్టి ఊపి, మగబిడ్డా ఆడబిడ్డా అని అడిగినప్పుడే నాకు భయం. అక్కడ జవాబిచ్చేది దారం పట్టుకున్న వారి కోరిక, లేదా వారి దిగులు. లింగ నిర్ధారణ పరీక్షలను అరికట్టడానికి మహారాష్ట్ర 1988లోనే చట్టం చేసింది. 1994లో కేంద్ర చట్టం వచ్చింది. దారానికీ ఉంగరానికీ యంత్రమూ అక్కరలేదు, డాక్టరూ అక్కరలేదు. నడింట్లోనే జరిగిపోతుంది. అందుకని, ఎవరైనా మీ ఇంట్లో ఉంగరం వేలాడదీస్తే, పోట్లాడకండి. ఒక తువ్వాలు తెచ్చి వారి కళ్లకు కట్టి, మోచేయీ వేళ్లూ బల్లకు ఆనించి, మళ్లీ అడగమనండి.