బ్రాడ్‌బ్యాండ్: పేరు, కొలత

బ్యాండు అను మాట రేడియో శ్రోతలకు క్రొత్తది కాదు. మీడియం వేవు, షార్టు వేవు బ్యాండులు మనకు చిరపరిచితములు. పౌనఃపున్యముల వరుసకే ఆ పేరు. ఆ వరుస విశాలమైనకొలదియు అందులో ఎక్కువ సమాచారము ప్రవహింపగలదు. బ్రాడ్‌బ్యాండ్ అను పేరు అట్లు పుట్టినదే. అయితే ఎంత విశాలముగా నుండవలెనో ఆ పేరు చెప్పదు. అది ప్రభుత్వము అంకె వేసి చెప్పవలసిన సంగతి.

మన దేశమున సామాన్య జనులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న లభించెను. ఆనాడు టెలిఫోను తీగపై డయలు చేసి దానిని అందుకొనవలసియుండెను. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానము సెకనునకు 256 కిలోబిట్లను కనీస వేగముగా నిర్ణయించినది. 2013లో అది 512 కిలోబిట్లకును, 2023 జనవరిలో 2 మెగాబిట్లకును పెరిగినది. పేరు మారలేదు, కొలత మారినది.

ఇచ్చట ఒక మెలిక కలదు. వేగమును బిట్లలో చెప్పుదురు. ఛాయాచిత్రము పరిమాణమును బైట్లలో చెప్పుదురు. 8 బిట్లు కలిసిన ఒక బైటు. కావున ఒక మెగాబైటు చిత్రము 256 కిలోబిట్ల వేగమున చేరుటకు సుమారు 31 సెకనులు పట్టును. 2 మెగాబిట్ల వేగమున 4 సెకనులు చాలును.

ఇక పల్లెల సంగతి. రెండున్నర లక్షల గ్రామపంచాయతీలకు గాజుతీగ వేయు పథకమును కేంద్రప్రభుత్వము 2011 అక్టోబరులో ఆమోదించినది. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు వచ్చినది. ఆంధ్రప్రదేశమున విద్యుత్ స్తంభముల మీదుగా వేసిన ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో ప్రారంభమైనది.

భారత్‌నెట్ తొలుత సంకల్పించినది పంచాయతీకి 100 మెగాబిట్లు. అది ఊరి మొదటనున్న చెరువువంటిది. ఇంటింటి కుళాయి కాదు. ఆ 100 మెగాబిట్లనే నూరు ఇండ్లవారు ఒక్కసారి పంచుకొన్నచో ఇంటికి వచ్చునది ఒక్క మెగాబిట్టు. అది నేటి నిర్వచనములో సగము మాత్రమే. ఊరికి తీగ వచ్చినదని కాగితముపై వ్రాయవచ్చును. ఆ ఇంటి బిడ్డకు మాత్రము పాఠము నడుమనే ఆగిపోవును.

కావున చందా కట్టబోవువారికి మా మనవి ఇది. ప్రకటనలో "వరకు" అను చిన్న మాటను విడువక చదువుడు. అది గరిష్ఠ వేగమే గాని కనీస వేగము కాదు. సాయంకాలము అందరును వాడు వేళ ఎంత వేగము వచ్చును? నెలకు నిర్ణయించిన పరిమితి దాటినచో ఎంతకు తగ్గును? పంపు వేగమెంత, దింపు వేగమెంత? ఈ ప్రశ్నలకు అంకెలలో సమాధానము అడుగుడు. పేరును నమ్మి కాదు, కొలతను చూచి సొమ్ము చెల్లించుట మేలు.