ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ శిక్షణ: చరిత్ర

రోగనిరోధక శాస్త్రంలో పీహెచ్‌డీ అనే చదువు చాలాకాలం ఆ పేరుతో లేదు. పాశ్చర్, ఎర్లిక్ తరంలో కుర్రాళ్లు ఒక పెద్దాయన ప్రయోగశాలలో చేరి వైద్యమో, సూక్ష్మజీవశాస్త్రమో, రసాయనశాస్త్రమో చేస్తూ పని నేర్చుకునేవారు. 1950ల నాటికీ పెద్ద మార్పేమీ లేదు. అయినా ఈ శాస్త్రపు పునాదిరాళ్లలో ఒకటి ఇమ్యునాలజీతో సంబంధం లేని విద్యార్థి చేతుల మీదుగానే పడింది.

అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో కోళ్ల మీద పరిశోధన చేస్తున్న బ్రూస్ గ్లిక్, కోడి మలద్వారం పక్కన ఉండే బర్సా అనే చిన్న సంచి ఎందుకుందో తేల్చాలనుకున్నాడు. కోడిపిల్లల్లో దాన్ని కోసి తీసేశాడు. పైకి తేడా ఏమీ కనబడలేదు. ఈలోగా తోటి విద్యార్థి తిమోతీ చాంగ్‌కు యాంటీబాడీలు ఎలా పుడతాయో క్లాసులో చూపించడానికి కోళ్లు అవసరమై, గ్లిక్ దగ్గరున్నవి అడిగి తెచ్చుకున్నాడు. సాల్మొనెల్లా ఎక్కించి రక్తం పరీక్షిస్తే, బర్సా లేని కోళ్లలో చాలావాటికి యాంటీబాడీలే లేవు. ఆరోజు పాఠం పాడైతే పాడైంది గానీ, యాంటీబాడీలు తయారుచేసే బి కణాల కథ అక్కడే మొదలైంది. ఈ ఫలితాలపై రాసిన వ్యాసాన్ని సైన్స్ పత్రిక తిప్పిపంపింది. 1956లో అది పౌల్ట్రీ సైన్స్‌లో అచ్చయింది. ఇమ్యునాలజిస్టులు ఆ పత్రిక తిరగేసేవారు కాదు కాబట్టి కొన్నేళ్లు ఎవరి కంటా పడలేదు.

మెల్‌బోర్న్‌లో కథ వేరు. వాల్టర్ అండ్ ఎలైజా హాల్ ఇన్‌స్టిట్యూట్ అధిపతి బర్నెట్ 1957 ప్రాంతంలో వైరస్‌లను పక్కనబెట్టి సంస్థను ఇమ్యునాలజీ వైపు మళ్లించాడు. అప్పుడే వచ్చి చేరిన యువ వైద్యుడు గుస్తావ్ నోసల్, 1958లో జన్యుశాస్త్రవేత్త లెడర్‌బర్గ్‌తో కలిసి ఒక్కో ఎలుక కణాన్ని ఒక్కో చిన్న బొట్టులో ఉంచి, అందులోకి బ్యాక్టీరియాను వదిలి, ఆ కణం చేసే యాంటీబాడీల వల్ల వాటి ఈత ఆగుతుందా లేదా అని మైక్రోస్కోపులో చూశాడు. రెండు రకాల బ్యాక్టీరియా ఎక్కించిన ఎలుకల్లో కూడా ఒక కణం ఒక రకాన్నే ఆపేది. ఒక కణం ఒకే రకం యాంటీబాడీ చేస్తుందన్న బర్నెట్ సిద్ధాంతానికి బలమిచ్చిన ఈ పని చేసేనాటికి నోసల్‌కు ఇంకా పీహెచ్‌డీ రాలేదు.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఇమ్యునాలజీ విశ్వవిద్యాలయం కాదు, రోష్ కంపెనీ డబ్బుతో నడిచిన పరిశోధనాలయం. జార్జెస్ కోలర్ అక్కడ పనిచేసి, 1974లో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకుని, కేంబ్రిడ్జిలో పరిశోధకుడు మిల్‌స్టైన్ దగ్గరికి వెళ్లాడు. ఒకే కణం సంతతి నుంచి ఒకే రకం యాంటీబాడీలను రాబట్టే మోనోక్లోనల్ యాంటీబాడీల పద్ధతిని ఆ ఇద్దరూ 1975లో ప్రకటించారు.

పని ఒకచోట, పట్టా మరోచోట అనే ఆ ఏర్పాటే మన దేశంలోనూ నడుస్తోంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో జి.పి. తల్వార్ నడిపిన శిక్షణ కేంద్రం నుంచి 1981లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీ పుట్టింది. అక్కడి విద్యార్థులకు డిగ్రీ ఇస్తూ వచ్చింది పక్కనే ఉన్న జేఎన్‌యూ. ఢిల్లీ దూరమే అయినా హైదరాబాద్ సీసీఎంబీలో పరిశోధన చేసినవారికి కూడా చాలాకాలం జేఎన్‌యూ పట్టానే దక్కింది. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకోవడం, కోర్సు పని ముగించి గైడు దగ్గర ఐదారేళ్లు బెంచి పట్టుకుని కూర్చోవడం దాదాపు అన్నిచోట్లా ఒకటే.

పట్టా తర్వాత చాలామంది పోస్ట్‌డాక్‌కు విదేశాలకు వెళ్తారు. తిరిగొచ్చి సొంత ల్యాబ్ పెట్టుకునేవారికి డబ్బు పుట్టడమే అసలు ఇబ్బంది. 2008లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు ఇటువంటివారికి ఆసరా అయ్యాయి. దాని కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.